ఉస్తాద్ లేని డ్రైవరు

నా చిన్నప్పుడు మా నారాయణపేట సాలెవాడలో మగ్గం చప్పుడు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నూలు దొరకక, ఎవరూ పోకుండానే మగ్గాలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మా బాపు కొన్నాళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఉత్తగా కూర్చున్నాడు. తర్వాత నన్ను తన తల్లికి, మా అవ్వకు, అప్పగించి పట్నం పోయి, లారీ నడపడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాడు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. బాపు మళ్ళీ ఇంట్లో కనబడితే నాకదే పండగ, లైసెన్సు సంగతి ఎవరిక్కావాలి!

ఊళ్ళో లారీలంటే పల్లీల మిల్లు సేఠువే. పొద్దున బస్తాలు వేసుకుని రైలు స్టేషనుకు పోయి, పొద్దుగూకేలోపు తిరిగొచ్చేవి. ఆ పని దొరికితే బాపు రోజూ ఇంటికి వస్తాడు. దొరక్కపోతే ఫౌజులో, అదే మిలిటరీలో, చేరడమే గతి. అక్కడ డ్రైవర్లను పిలిచి మరీ తీసుకుంటున్నారు. కానీ ఫౌజు లారీ ఎక్కినవాడు ఏ దేశం పోతాడో, ఎప్పుడొస్తాడో చెప్పే దిక్కు లేదు.

అప్పట్లో డ్రైవరు కావాలంటే ఒక పద్ధతి ఉండేది. ఏళ్ళ తరబడి ఒక ఉస్తాదు దగ్గర క్లీనరుగా బండి కడిగి, ఆయన తిట్లు తిని, చివరికి ఆయన నోటితో "వీడు నా శాగిర్దు" అనిపించుకోవాలి. శిష్యుడికి గురువు మాటే పూచీ. మా బాపు పట్నంలో ఒక మోటారు షెడ్డులో ఫీజు కట్టి నేర్చుకొచ్చాడు, ఆయనకు ఉస్తాదెక్కడ? సేఠు ఆ లైసెన్సును ముట్టను కూడా ముట్టలేదు. "కాగితం బండి నడుపుతదా? నీ ఉస్తాద్ ఎవరో చెప్పు" అన్నాడట. బాపు ఆ మిల్లు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. మా అవ్వ అయితే, మగ్గమూ పాయె, మోటారూ రాకపాయె, రెంటికి చెడ్డ రేవడి అయిండని కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు అవ్వ నాకు తల దువ్వి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగింది. "పిల్లను తోల్కపో బిడ్డా. దాని మొఖం జూసన్న సేఠు మనసు కరుగుతదేమో" అంది. బాపు నా చెయ్యి పట్టుకుని పోయి, మిల్లు ముందర తల వంచుకుని నిలబడ్డాడు. మా ఇంట్లో అందరికంటే పొడుగు మా బాపు. అటువంటి మనిషి ఆ రోజు నాకు ఇంతయి కనిపించాడు. సేఠు చెడ్డవాడేం కాదు. నా ఒళ్ళో దోసెడు పల్లీలు పోసి, పొమ్మన్నాడు. దారిపొడుగునా ఏడుస్తూనే ఆ పల్లీలు తిన్నాను, పిల్ల బుద్ధి!

ఇక బాపు ఫౌజుకే పోతానన్నాడు. అవ్వ జొన్నరొట్టెలు మూటకట్టడం మొదలుపెట్టింది. నేను బాపు అంగీ పట్టుకుని వదల్లేదు. అంతకంటే నా చేతిలో ఏముంది?

మా పక్కింటి తాత ఆ మిల్లులోనే లారీ నడిపేవాడు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేది. ఆయనకు ఒక్కడే కొడుకు. ఫౌజులో లారీ నడపడానికి పోయాడు, మళ్ళీ కబురు లేదు. అవ్వ గోడ మీదుగా తన గోడు చెప్పుకుంటే, తాత అంతా విన్నాడు. చివరికి, "రేపు పొద్దుగాల నీ పిల్లగాన్ని మిల్లుకాడికి తోలు, అక్కా" అని లోపలికి పోయాడు.

మర్నాడు బాపుతో నేనూ పోయాను, వద్దంటే వినే రకమా నేను! తాత బాపు భుజం మీద చెయ్యి వేసి సేఠుతో, "గీడు నా శాగిర్దు సేఠ్. నా జబానే పూచీ" అన్నాడు. ఎంత పచ్చి అబద్ధం! బాపు ఏదో అనబోతే ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదని సేఠు అడిగాడు. "ఉస్తాద్ బండి మీదుండంగ శాగిర్దుకు సీటు అడుగుతరా? ఇగ నా కండ్లు మసకబడ్డయ్. నేను దిగుతున్న. గీన్ని ఎక్కియ్" అన్నాడు తాత. ముందురోజు మాపటేళ మా అవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చిన మనిషి ఆయన!

సేఠు సరేనన్నాడు. నేను ఎగిరి గంతేశాను. బాపు మాత్రం బండి ఎక్కలేక అక్కడే నిలబడిపోయాడు. తాత రెక్క పట్టి సీటు మీద కూర్చోబెట్టాడు. పెట్రోలు కరువు రోజులు కనుక లారీ వెనక పెద్ద పీపాలాంటి బొగ్గుల పొయ్యి బిగించి ఉండేది. దాన్ని రాజేసి విసిరితే వచ్చే గ్యాసుతో గానీ బండి కదలదు. అది క్లీనరు చేసే పని. ఆ రోజు నుంచి ఆ పని తాత చేశాడు. తెల్లటి గడ్డం నిండా మసి. తోటి డ్రైవర్లు శాగిర్దుకు ఉస్తాద్ క్లీనరయిండని పకపకా నవ్వేవారు. బాపు సిగ్గుతో దిగబోతే, "సీటు దిగితే కాళ్ళిరగ్గొడ్త" అని తాత గద్దించేవాడు.

మొదటిరోజు పొద్దుగూకకముందే బాపు ఇంటికొచ్చాడు. అవ్వ చింతాకు పప్పు చేసింది. బాపు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. పని దొరికింది కదా, ఎందుకేడుస్తున్నావని అడిగాను. "వద్దని అనలేకపోయిన బిడ్డా. నిన్ను ఇడిసి పోలేక, వద్దని అనలేకపోయిన" అన్నాడు. ఏం చేయగలడు పాపం? తాత దిగకుండా ఉండలేకపోయాడు, బాపు ఎక్కకుండా ఉండలేకపోయాడు. నాకేమో బాపు కావాలి.

ఇప్పుడు మా ఇంట్లో మనవలకు ఉద్యోగాలొస్తుంటాయి. మిఠాయి డబ్బా పట్టుకుని ముందు నా దగ్గరికే వస్తారు. వాళ్ళ తల నిమిరి, "ఆ కుర్చీల నిన్నటిదాంక ఎవరు కూసున్నరు బిడ్డా?" అని అడుగుతాను. ముసలిదానికి చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. ఆ మనిషి సంగతి కనుక్కుని వచ్చి చెప్పిందాకా, ఆ మిఠాయి నా గొంతు దిగదు.