కుడివైపు పువ్వు

ఎక్కడ మహిమ జరిగిందని విన్నా, వెళ్లి దాన్ని చెడగొట్టి వస్తే గాని శంకరప్ప అయ్యవారికి అన్నం సహించదు. అందుకే మదనపల్లెలో ఆయన పుంగనూరు బస్సెక్కగానే, గంగమ్మ గుడి పూజారి మునెప్ప కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాడు. లాభం లేకపోయింది.

"ఏం మునెప్పా, మీ గంగమ్మ ఇంకా పూలు రాలుస్తాండాదా?"

"రాలిస్తే నీకేం కష్టమప్పా?"

"తడి ఆరితే రాల్తాది. దానికి దేవత యాల?"

అయ్యవారు రిటైరయ్యారు గాని, ఆయన సైన్సు పాఠం రిటైరు కాలేదు. సోమల దగ్గర కన్నీరు కార్చే విగ్రహం వెనక పైపు కారుతోందని చూపించి దెబ్బలు తిన్నారు. ఇంకోచోట నాలుక మీద కర్పూరం వెలిగించి గుట్టు విప్పబోతే, జనం ఆయన్నే స్వామి అనుకుని కాళ్ల మీద పడ్డారు. వినాయకుడు పాలు తాగిన ఏడాది, ఆయన దగ్గర తలతన్యత చదువుకున్నవాళ్లే చెంబులతో వరసలో ముందు నిలబడ్డారు. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన ఎవరితోనూ వాదించలేదట.

ముందు సీట్లో చెంగమ్మ ఏడుస్తోంది. మొగుడు పాపయ్యకు పేగు మెలిపడింది. ఈ పూటే కోయాలని మదనపల్లె డాక్టరు అన్నాడు. గంగమ్మను పువ్వడగనిదే ఆమె వేలిముద్ర వెయ్యదు. కుడి పువ్వు రాలితే ఆపరేషన్, ఎడమది రాలితే ఇల్లు.

"ఇంటికి తెస్తే సస్తాడమ్మా!" అన్నారు అయ్యవారు.

"ఆ మాట తల్లి సెప్పనీ అయ్యవారూ."

ఆయన కూడా గుడి దగ్గరే దిగిపోయారు.

మునెప్ప రెండు చామంతులు తడిపి అమ్మవారి రెండు భుజాలకూ అంటించాడు. అయ్యవారు చెవిలో గొణిగారు. "ఎడమదానికి ఇంగొంచెం నీళ్లు పెట్టప్పా."

"తల్లిని మోసం సెయ్యమంటావా? నా జన్మలో సెయ్యను!"

కాసేపటికి ఎడమ పువ్వు అంచు లేచింది. మునెప్ప చూశాడు. అయ్యవారూ చూశారు. "అబ్బ, ఏం ఉక్కప్పా!" అంటూ గడప పక్కన భక్తులిచ్చిన ఫ్యాను వేసి, కుడివైపుకు తిప్పారు.

కుడి పువ్వు రాలింది.

"సూస్తివా అయ్యవారూ!" చెంగమ్మ కేక పెట్టింది. "ఇప్పుడు సెప్పు. తల్లి ఉండాదా, లేదా?"

గుడి ముందు జనం మూగారు. అయ్యవారు గడియారం చూసుకున్నారు.

"ఉండాదమ్మా. బస్సుకు పరిగెత్తు."

"ఓడిపోయినాడప్పా మన సైన్సు అయ్యవారు!"

"సెంపలేసుకోమను!"

చెంగమ్మ గేటు దగ్గర ఆగి చూస్తోంది. ఆయన చెంపలు వేసుకున్నారు. అప్పుడు గాని ఆమె కదల్లేదు.

మునెప్ప రాలిన పువ్వును చేతిలోకి తీసుకున్నాడు. ఫ్యాను తిప్పింది అయ్యవారే, సరే. మరి అయ్యవారిని ఆ బస్సెక్కించింది ఎవరు? అదే అడుగుదామని తీర్థం చెంబుతో బయటికొచ్చేసరికి, జనం నవ్వులు వీపున మోసుకుంటూ ఆయన రోడ్డు దాటేశారు.

"అయ్యవారూ! తీర్థమన్నా తీసుకోని పో!"

ఆయన వెనక్కి చూడలేదు. కుప్పం దగ్గర ఏదో వేపచెట్టుకు పాలు కారుతున్నాయట.