ముసురు రాణి

'ముసుగు రాణి' అని రాయాల్సిన చోట నేను 'ముసురు రాణి' అని రాశాను. ఐదు వందల అట్టలు అచ్చయి, ఆరి, కట్టలుగా చేతికి వచ్చేదాకా ఆ సంగతి ఎవరూ గమనించలేదు, నాతో సహా. ఆ వారమంతా ఒకటే ముసురు. మా ఆవిడ ఉతికిన బట్టలు వంటింట్లో ఆరేసి, "ఈ ముసురు ఎప్పుడు వదుల్తుందండీ" అని పూటకోసారి నన్నే అడిగేది, దాన్ని నేనేదో పట్టుకొచ్చినట్టు. ఆ మాట చెవిలోంచి చేతిలోకి దిగింది. అంతకు మించి నా దగ్గర సంజాయిషీ లేదు.

నా పని బొమ్మల కథల్లో మాటలు రాయడం. బొమ్మ ఒకరు గీస్తారు, దాని నోటి పక్కన ఉండే బుడగలో అక్షరాలు నేను దిద్దుతాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం అని మామూలుగా గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ అట్ట మీది బొమ్మ గీసినావిడను మా కంపెనీలో అందరం చీకటమ్మ అనేవాళ్ళం. మిగతా చిత్రకారులంతా కలిసి నెలంతా వాడే నల్ల సిరాను ఆవిడ వారంలో కాగితానికి తాగించేది. ఎన్ని సబ్బులు మార్చినా చూపుడువేలి గోరు చుట్టూ నలుపు వదలదు. ఇరవై రెండేళ్ళు నా పక్క బల్ల. నన్ను అన్నయ్యా అంటుంది, తిట్టేటప్పుడు కూడా.

ఆ ఇరవై రెండేళ్ళూ ఆవిడ గీసింది 'ముసుగు రాజు' అనే సూపర్ హీరోని. ఆ నడక, ఆ గడ్డం, పిడికిలి బిగిస్తే మోచేతి దగ్గర పడే మడత, అన్నీ ఆవిడ బుర్రలోంచి వచ్చినవే. పుస్తకం మీద పేరు మాత్రం యజమానిది. ఆయనకు నీడలు గిట్టవు, ఆవిడ నలుపు నింపిన పేజీని నింపినట్టే తిప్పి పంపేవాడు. "పిల్లలు జడుసుకుంటారమ్మా, ఎండ పెట్టు" అనేవాడు. అందుకని ముసుగు రాజు దొంగల్ని ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే పట్టుకునేవాడు. కథలో వాన తప్పనిసరైతే చీకటమ్మ స్కేలు పెట్టి ఏటవాలుగా పన్నెండు గీతలు గీసి చేతులు దులుపుకునేది.

ఒకరోజు ఆవిడ తల్లి బజారు నుంచి గొడుగు కొనుక్కొచ్చింది. గొడుగు నిండా ముసుగు రాజు.

"ఏమే, ఇది నీ బొమ్మే కదూ? నీకు చెప్పే వేశారా?"

చెప్పలేదు. మర్నాడు అడిగితే యజమాని నవ్వాడు. "బొమ్మ కంపెనీదమ్మా. చెయ్యి మాత్రమే నీది."

చీకటమ్మ కాసేపు తన చెయ్యి వంక చూసుకుంది. "అయితే దీన్ని ఇంటికి తీసుకెళ్తున్నాను సార్" అని బ్రష్షులు సర్దుకుంది.

తర్వాత ఎనిమిది నెలలు ఇంటి వెనక గదిలో తన సొంత కామిక్ గీసింది. అందులో నాయిక టికెట్ల కౌంటరులో పనిచేసే నడివయసు మనిషి. పగలంతా చిల్లర లేదన్నందుకు జనం చేత తిట్లు తింటుంది. చినుకు పడిందంటే మాత్రం ఆవిడ నీడ ఆవిడను వదిలి లేచి వెళ్ళి, అమాయకుల చేత సంతకాలు పెట్టించుకున్నవాళ్ళ మెడ పట్టుకుంటుంది. పేజీలో ముప్పాతిక వంతు నలుపే. ముందు కాగితమంతా సిరా పూసి, ఆరాక బ్లేడుతో గీకుతుంది. గీకిన చోటల్లా తెల్లటి చినుకు. వాన పేజీ ఒక్కోటి రెండు రోజులు పట్టేది.

నాయికకు నమూనా వాళ్ళమ్మే. డెబ్భై ఏళ్ళావిడ రెయిన్‌కోటు తొడుక్కుని, మగవాళ్ళ టోపీ పెట్టుకుని, టార్చిలైటును పిస్తోలులా పట్టుకుని బల్ల దీపం ముందు నిలబడేది.

"ఎంతసేపే, చెయ్యి లాగుతోంది."

"కదలకమ్మా, హంతకుడు ఇంకా రాలేదు."

"వాడొచ్చేలోపు నేనే పోయేలా ఉన్నాను. ముక్కు కాస్త చిన్నది పెట్టు."

పేరు దగ్గర మాత్రం నేను అడ్డుపడ్డాను. ముసుగు అంటే యజమాని ఊరుకోడన్నాను.

"ఆ మాట ఆయన అబ్బ సొత్తా అన్నయ్యా? నిజానికి నా రాణి మొహానికి ముసుగే లేదు, టోపీ నీడ ఉందంతే. అయినా అదే పెడతాను."

పెట్టింది. నేను 'ముసురు' అని రాశాను.

కట్ట విప్పి అట్ట చూశాక ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఐదు వందల 'గు'లు రాసి, కత్తిరించి, నేనే అతికిస్తాను" అన్నాను గబగబా.

"అతికించు" అంది.

మర్నాడు కంపెనీకి జ్వరమని కబురుపెట్టి, వాళ్ళింట్లో జిగురు గిన్నె ముందేసుకుని కూర్చున్నాను. పదకొండో 'గు' అతికిస్తుండగా తలుపు దగ్గర యజమాని గొంతు వినిపించింది. నాకేమీ తోచక, అతికించిన పదకొండు అట్టలనూ కుర్చీలో పరిచి వాటి మీద కూర్చున్నాను. జిగురు ఇంకా తడిగానే ఉంది.

ఆయన లోపలికొచ్చి నన్ను చూశాడు. "జ్వరం తగ్గిందా?"

"కొంచెం తగ్గింది సార్" అన్నాను, కూర్చునే. ముప్ఫై ఏళ్ళలో ఆయన వస్తే నేను లేవకపోవడం అదే మొదటిసారి. ఆయన మొహం చిన్నబోయింది. నేను తిరగబడ్డాననుకున్నాడు. (ఆ సాయంత్రం మా ఆవిడ నా ప్యాంటు నుంచి నాలుగు 'గు'లు ఊడదీసింది.)

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. "ప్రెస్సువాడు చెప్పాడమ్మా. ముసుగు పేరు మాది, రిజిస్టరై ఉంది. గొడవెందుకు, ఇక్కడ సంతకం పెట్టు. మేమే పదివేల కాపీలు వేస్తాం. రాణి కంపెనీలో ఉంటుంది, నువ్వూ ఉంటావు. కాదంటే ఈ అట్టలన్నీ చింపుకోవాల్సిందే."

మళ్ళీ అచ్చు వేయించే తాహతు చీకటమ్మకు లేదని ఆయనకు తెలుసు. మాకూ తెలుసు. ఆవిడ జిగురు గిన్నె వంక చూసింది. నా వంక చూసింది. విప్పని కట్టలోంచి ఒక అట్ట లాగి ఆయన చేతిలో పెట్టింది.

"ము... సు... రు" అని కూడబలుక్కున్నాడాయన. అట్ట తిప్పి వెనక కూడా చూశాడు, 'గు' అటు వెళ్ళిందేమోనన్నట్టు. "ప్రెస్సువాడు ముసుగు అన్నాడే?"

"వానలో సరిగ్గా కనపడలేదేమో సార్."

"ముసురు రాణి ఏం పేరమ్మా?"

"అన్నయ్య పెట్టాడు. బాగా ఆలోచించి."

నేను బాగా ఆలోచించినవాడిలా మొహం పెట్టాను.

ఆయన తేరుకున్నాడు. "పేరు ఏదైతేనేం. ఒక్కదానివి ఎక్కడ అమ్ముకుంటావు? సంతకం పెట్టు."

చీకటమ్మ కాగితం అందుకుని బల్ల మీద పరిచి బ్రష్షు సిరాలో ముంచింది. ఆయన మొహం విప్పారింది. ఆవిడ సంతకం చేసే చోట ఈ చివర నుంచి ఆ చివరకు ఒక దట్టమైన నల్ల పట్టీ లాగి, వెలుతురులో పెట్టి చూసుకుంది.

"కొత్త బ్రష్షు సార్. ధార బాగానే వస్తోంది" అని కాగితం ఆయనకే తిరిగిచ్చింది.

"ఆరేదాకా మడవకండి బాబూ, చొక్కాకు అంటుతుంది" అంది వాళ్ళమ్మ.

ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లేచాడు. తలుపు దాకా వెళ్ళినవాడు గోడ దగ్గర ఆగిపోయాడు. అక్కడ తాడుకు క్లిప్పులతో వాన పేజీలు వేలాడుతున్నాయి. ఎంత యజమాని అయినా బొమ్మల మధ్య ముసలివాడైన మనిషి. దగ్గరికి వెళ్ళి ఒక చినుకు మీద వేలు పెట్టి, తడి అంటిందేమోనని వేలు చూసుకున్నాడు. చాలాసేపటికి ఇటు తిరిగాడు. గొంతులో కోపం కంటే అలకే ఎక్కువగా ఉంది.

"మా దగ్గర ఇరవై రెండేళ్ళు చేశావు. ఒక్కసారైనా వాన ఇంత బాగా గీశావా?"

"అప్పుడు తడిసింది మీ బొమ్మ కదండీ."