ఆల్విన్ పాట

అమెరికాలో, మెంఫిస్ ఊరి నల్లవాళ్ళ పేటల్లో క్లియోఫస్ బ్యాటిల్ పాట మోగని మంగలిషాపు లేదు. అలాగని అతను గాయకుడేం కాదు. గొంతు గరగరలాడేది, ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. పాటలు కట్టడం, పాడేవాళ్ళని కూర్చోబెట్టి పాడించి రికార్డు చేయించడం అతని పని. మూతపడిన లాండ్రీ ఒకటి బాగుచేసి దాన్నే స్టూడియో చేసుకున్నాడు. అక్కడ కాగితం మీద స్వరాలు రాసుకునే అలవాటు ఎవరికీ లేదు. క్లియో పియానో మీద నాలుగు ముక్కలు వాయిస్తే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు.

ఆ నాలుగు ముక్కలూ చర్చివి. తొమ్మిదో ఏట నుంచి అతను వాళ్ళ వీధి బాప్టిస్టు చర్చిలో ఆర్గాన్ వాయిస్తున్నాడు. ఆదివారం అక్కడ పాడుకున్నది సోమవారం స్టూడియోకి వచ్చేది. "ప్రభువా" అన్నచోట "పిల్లా" అని పెడితే సగం పని అయిపోయినట్టే. ఊళ్ళో పాటలవాళ్ళందరూ చేసేది అదే.

"ఏం గురూ, ఈ వారం దేవుడికి ఏ పిల్ల పేరు పెట్టావు?" అని డ్రమ్ములు వాయించే టైరీ ఆటపట్టించేవాడు.

క్లియో కూడా నవ్వేవాడు. చర్చి పాటలు ఎప్పుడో బానిసకాలం నాటి ముత్తవ్వలు కట్టుకున్నవి, అవి అందరివీ అనుకునేవాడు. అందులో అబద్ధం లేదు. కానీ అతను వాడుకున్నవాటిలో ఒకటి చర్చిది కాదు, అందరిదీ కాదు. అది ఎవరిదో అతనికి బాగా తెలుసు.

అది ఒడెస్సా అత్తది. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో పిల్లలందరికీ ఆవిడ అత్తే. ఆవిడ కొడుకు ఆల్విన్, క్లియో ఈడువాడు, పన్నెండేళ్ళప్పుడు నదిలో ఈతకు దిగి మునిగిపోయాడు. ఆ వేసవి అంతా ఆవిడ వంటింట్లో మొక్కజొన్న రొట్టె చేస్తూ తనలో తనే ఒక పాట కట్టుకుంది. "దీపం పెట్టే వేళయింది, ఇంటికి రా నాన్నా." ముందు ఒక చరణం, కొన్నాళ్ళకు ఇంకొకటి. ఆ వంటింట్లోంచి అది ఎప్పుడూ బయటికి రాలేదు. విన్నవాళ్ళు ఇద్దరే: ఆవిడ భర్త లెమ్యుయెల్, వెనక మెట్ల మీద కూర్చుని ఆవిడ పెట్టిన రొట్టె తిన్న క్లియో.

పంతొమ్మిది వందల అరవై ఏడు నాటికి క్లియో పాట ఒక్కటైనా జనంలో ఆడి రెండేళ్ళయింది. పాడేవాళ్ళు వేరే స్టూడియోలకు పోతున్నారు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక కూర్చుంటే చేతులు వాటంతటవే ఆ వరస పట్టుకున్నాయి. టైరీ చటుక్కున దరువు అందుకున్నాడు. "నాన్నా" పోయి "పిల్లా" వచ్చింది. సాయంత్రానికి పాట తయారైంది. రికార్డు మీద అంటించే చీటీ టైపు చేసే అమ్మాయి, "పాట కట్టినవాళ్ళ పేరు ఏం వెయ్యను?" అని అడిగింది. నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన సమయం మళ్ళీ రాలేదు.

"బ్యాటిల్ అని వెయ్యి," అన్నాడు క్లియో. కోటు తీసుకుని బయటికి నడిచాడు.

పాట దేశమంతా తిరిగింది. జుట్టు సాపు చేసే పార్లర్లో అదే, చేపలు వేయించే కొట్టులో అదే. భుజం తట్టేవాళ్ళు ఎక్కువైనకొద్దీ క్లియోకి ఒడెస్సా అత్త గుమ్మం ముందు నుంచి నడవడానికి ముఖం చెల్లేది కాదు. చర్చిలో ఆవిడ ఎదురైతే ఆర్గాన్ కింద ఏదో పడిపోయినట్టు వెతుక్కునేవాడు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చెప్పేద్దామని ప్రతి ఆదివారం బయల్దేరేవాడు, ప్రతి ఆదివారం పిరికిగొడ్డులా తిరిగొచ్చేవాడు.

ఆ చలికాలం లెమ్యుయెల్ పోయాడు. తను పోయిన రోజున ఆల్విన్ పాట పాడమని పెళ్ళాం దగ్గర మాట తీసుకున్నాడట. చర్చి నిండా జనం ఉండగా ఒడెస్సా అత్త శవపెట్టె పక్కన నిలబడి మొదటిసారి పదిమందిలో ఎత్తుకుంది. "దీపం పెట్టే వేళయింది..."

గాయకబృందంలో ఒకమ్మాయి వేళ్ళు రికార్డులో ఉన్న దరువుకి చిటికెలేశాయి, అనుకోకుండానే. పక్కమ్మాయి నవ్వాపుకోలేక నోటికి విసనకర్ర అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటే, మొగుడి పెట్టె ముందు రేడియో పాట?" అంది ముందు బెంచీలో ఒకావిడ. "పాపం, మతి చెదిరినట్టుంది."

ఆ మాట ఒడెస్సా అత్తకి వినబడింది. చరణం మధ్యలో ఆగిపోయింది.

పాస్టరు గారు మంచి మనసుతోనే అన్నారు, "బ్రదర్ బ్యాటిల్, మీ పాటే కదా, కాస్త అందుకోండి."

క్లియోకి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడ్డాడు. "నా పాట కాదు పాస్టరు గారూ. ఆల్విన్ పోయినప్పుడు అత్త కట్టుకుంది. నేను దొంగిలించి నా పేరు వేసుకున్నాను."

ఆ చర్చిలో ఎవరు లేచి తప్పు ఒప్పుకున్నా నాలుగు వైపుల నుంచీ "ఆమెన్" అంటారు. ఆ రోజు ఒక్కరూ అనలేదు.

"తెలుసురా," అంది ఒడెస్సా అత్త. "పార్లర్లో తల దువ్వించుకుంటుంటే విన్నా. ఇన్నేళ్ళకి మావాణ్ణి ఎవరో తలుచుకున్నారని సంబరపడ్డా, ఒక్క నిమిషం. తర్వాత 'పిల్లా' అని వచ్చింది."

"అత్తా..."

"చెప్తావేమోనని చూశాను. చెప్పావులే. కానీ ఇంక నేనది పాడలేను. కూర్చో. వీళ్ళకి నవ్వు రానిది ఏదన్నా వాయించు."

క్లియో కూర్చున్నాడు. యొర్దాను నది దాటే చర్చి పాట గుర్తొచ్చింది. దాన్ని అరవై మూడులో డాన్సు పాట చేసి వదిలాడు. కొండెక్కే పాటని ఇద్దరు అక్కచెల్లెళ్ళ చేత పాడించాడు. ఈ ఆర్గాన్ మీద నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట తను పెట్టిన ఆ "పిల్లా" ఉంది.

"ఏదో ఒకటి కానియ్యరా," అంది ఒడెస్సా అత్త, పెట్టె మీద చెయ్యి తియ్యకుండా. "ఆయనకి వేళవుతోంది."

క్లియో చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.