కొరియా వాళ్ల క్యాబేజీ

ఈ రోజు మా పెళ్లిరోజు. అమ్మాయి పట్టుబట్టి మమ్మల్నిద్దరినీ కంచన్‌బాగ్ నుంచి బంజారాహిల్స్‌లో కొత్తగా పెట్టిన కొరియన్ రెస్టారెంట్‌కు భోజనానికి పంపింది. పెద్ద పెద్ద పళ్లేల్లో చెంచాడేసి తిండి, పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి పచ్చడి. ఆ పచ్చడి నోట్లో పెట్టగానే మావారి ముఖం వెలిగిపోయింది.

"మస్తుంది. ఇంకింత తెస్తవా భాయ్," అని సర్వర్‌ని అడిగారు.

"తెస్త సార్. దీన్ని కిమ్చి అంటరు. క్యాబేజీ ఊరబెట్టి చేస్తరు."

క్యాబేజీ వాసనకు కడుపులో తిప్పుతుందని పెళ్లైన కొత్తలో ఈయనే అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి క్యాబేజీ రాలేదు. మా అమ్మ శనగపప్పు వేసి చేసే క్యాబేజీ కూరంటే నాకు ప్రాణం. పుట్టింట్లో తిన్నా, తిరిగొచ్చే ముందు సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేదాన్ని.

నేను ఆయన వైపు చూశాను.

"గిది గా క్యాబేజీ లెక్క లేదు," అంటూ ఆయన రెండో గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

అంటే ఇన్నేళ్లూ తప్పు క్యాబేజీది కాదన్నమాట.

వచ్చేటప్పుడు కూరగాయల బండి దగ్గర స్కూటర్ ఆపించి, ఉన్నవాటిలో పెద్ద క్యాబేజీ కొన్నాను. పట్టుచీర కూడా మార్చుకోకుండా పొయ్యి మీద పెట్టేశాను. అది ఉడికేలోపు మీరు ఎవరి కోసం ఏ కూర మానేశారో కింద కామెంట్లలో రాయండి, చదువుతాను.

"ఏందే ఆ వాసన?" అని హాల్లోంచి అడుగుతున్నారు.

కొరియాది అని చెప్పాను.