బెంగుళూరు మూగబోయిన దిక్కు

మొన్న మదనపల్లె ఆసుపత్రి నుంచి పుంగనూరుకు కారులో వస్తుంటే మంచు కమ్మేసింది, మా చిన్నోడి ఫోనులో దారి చూపించే బొమ్మ కదలకుండా నిలబడిపోయింది, సిగ్నల్ లేదని వాడు బండి పక్కకు ఆపి తల పట్టుకున్నాడు. నాకు మా అత్త రేడియో గుర్తుకొచ్చింది.

అప్పట్లో మాది కుప్పం దగ్గర పల్లె, తూర్పున అంతా అడివే, పడమట బెంగుళూరు. నాకు అక్షరం రాదు, మనవరాలి పలక మీద దిద్దుకున్నది ఈ మధ్యనే. రేడియో మీది అంకెలు అత్తకూ రావు, అందుకని బెంగుళూరు పలికే చోట అద్దం మీద సున్నపు చుక్క పెట్టుకుంది. రేడియో పెట్టే గోడగూడు తుడిచేటప్పుడు దాని సన్నటి పక్క, అంటే కొస, పడమటికి తిరిగిందంటే కన్నడ పాట ఆగిపోయేది, అత్త నోరు లేచేది. తిట్లు తిని తిని నేను నేర్చుకున్నదేమంటే, సన్నటి పక్క బెంగుళూరుకేసి పెడితే బెంగుళూరు పలకదు.

ఒక చలికాలం పొద్దున అత్తా నేనూ గొర్రెలు తోలుకుని అడివిలోకి పోయాక మంచు దిగింది. ఇంటికి మళ్ళుదామని నడిస్తే ఇంకా ఆవిరి కక్కుతున్న ఏనుగు లద్దె కనబడింది, కాసేపు పోయాక మళ్ళీ అదే లద్దె దగ్గర తేలాం. పొదలు తప్పుకుంటూ చుట్టే తిరుగుతున్నామని తెలిసింది. దగ్గర్లోనే కొమ్మ విరిగింది.

ఎక్కడికి పోయినా అత్త వెంట తెచ్చుకునే రేడియో చంకలో పాడుతోంది; దాన్ని లాక్కుని, దాని గొంతు తగ్గించి, చెవికి ఆనించుకుని ఉన్నచోటే మెల్లగా తిరిగాను.

"ఏనుగులు యాడుండాయో తెలీక నేను సస్తాంటే నీకు పాటలు కావాల్నా ఏమ్మే?" అంది అత్త.

పాట ఆగింది. దిక్కు దొరికి ఆగిందా, బ్యాటరీలు అయిపోయి ఆగిందా? ఎండలో పెట్టి పెట్టి వాడుకుంటున్న పాత బ్యాటరీలు అవి. పక్కకు తిప్పితే పాట మళ్ళీ వచ్చింది, నాకు ప్రాణం వచ్చింది. కానీ సన్నటి పక్కలు రెండు. ఒకటి చూపేది ఊరిని, రెండోది అడివి నడిమధ్యను. ఏది ఏదో రేడియో చెప్పదు.

సంగతి చెప్పగానే అత్త, పిల్లను ఇంట్లో వదిలి వచ్చిన తల్లిగొర్రె మెడతాడు వదులు చేసింది. పొదుగు బిగిసిన ఆ గొర్రె రేడియో ఒక కొస చూపే వైపుకేసి తల ఎత్తి అరిచింది.

"అద్దో, ఆడుండాది ఇల్లు. పద," అంది అత్త.

పొద అడ్డం వచ్చినప్పుడల్లా చుట్టిపోయి, మళ్ళీ రేడియో తిప్పి, పాట ఆగిన వైపే నడిచాం. సగం దారిలో అది నిజంగానే ఆగిపోయింది, ఎటు తిప్పినా రాలేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది, నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. ఎవరి ఊపిరి వాళ్ళకు వినబడుతుండగా గొర్రె మొహం పెట్టిన వైపే కదిలాం, చివరికి మంచులోంచి కుప్పం బస్సు హారను వినబడింది. ఇల్లు చేరాక అత్త రేడియో తుడిచి, సన్నటి పక్క పడమటికి రాకుండా గూట్లో అడ్డంగా పెట్టింది.

అత్త పోయి చాలాకాలమయింది. మొన్న కారులో ఫోను మళ్ళీ పలికింది, ఎడమకు తిరగమంటే మా చిన్నోడు తిరిగాడు. నేను కిటికీ లోంచి బెంగుళూరు ఏ పక్కనుందా అని చూశాను. ఒకప్పుడు గూడు తుడుస్తూ చెప్పగలిగేదాన్ని, ఇప్పుడు నాకు తెలియలేదు, బండిలో ఎవరికీ తెలియాల్సిన పనీ లేదు.