ఆ గోడలో తీగలు బాగానే ఉన్నాయి

కక్కలేక మింగలేక ఇన్నేళ్లూ నేను మోసింది ఒకే ఒక్క మాట. పెద్ద మాట కూడా కాదు. చుట్టాలతో నిండిన ఒక కొత్తింటి హాల్లో, చేతిలో తాంబూలం పట్టుకుని, అడిగినదానికి జవాబుగా అనేసిన మాట. దాన్ని మీకు చెప్పేద్దామని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం దేనికి?

చింతామణిలో మాకొక అంగడి ఉంది. టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు, పాటల సెట్లు అమ్ముతాం. మా మామగారు పెట్టిన అంగడి. ఆయన తరువాత మా ఆయన చూసుకున్నారు. మా ఆయనకు నడుము పడిపోయి మంచం పట్టాక గల్లాపెట్టె ముందు నేను కూర్చున్నాను. కూర్చున్న కొత్తలో గడప తొక్కిన ప్రతివాడూ నా ముఖం చూసి, "మనుషులు ఎవరూ లేరా అమ్మా అంగట్లో?" అనేవాడు. నేను మనిషిని కానట్టు. ఒళ్లు మండేది. ఆ మంటతోనే ప్రతి పెట్టెలో వచ్చే పుస్తకాన్నీ కూర్చుని చదివాను. ఏ స్పీకరుకు ఏ రిసీవరు సరిపోతుందో, ఎంత గదికి ఎంత శబ్దం చాలుతుందో నేర్చుకున్నాను. చివరికి బాగేపల్లి నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, "హోం థియేటర్ అంటే శెట్టమ్మనే అడగాల" అని. ఆ పేరు వచ్చాక నా నోట రెండు మాటలు రావడం మానేశాయి. "నాకు తెలియదు" అనేది ఒకటి, "మా దగ్గర లేదు" అనేది రెండోది. అది గర్వమే. దానికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను.

ఆయుధ పూజ మరునాడు పొద్దున పడే బోణీని మా ఇంట్లో ఏడాది బోణీ అంటారు. ఆ పొద్దు మొదట వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపితే ఏడాదంతా బేరాలు తిరిగిపోతాయని నమ్మకం. మా మామగారైతే అడిగిన సరుకు లేకపోయినా ఆ మనిషికి ఒక బ్యాటరీ సెల్లయినా అమ్మి పంపేవారు. నవ్వుతూ, "ఇది తీసుకో నాయనా, ఆ పెద్దది వారంలో తెప్పిస్తాను" అనేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ బ్యాటరీ సెల్లు నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంటుంది.

ఆ ఏడు ఆ పొద్దున వచ్చినవాళ్లు అన్నదమ్ములు. కెంచార్లహళ్ళిలో సేద్యం చేసుకునేవాళ్లు. పెద్దాయన నారాయణప్ప, తమ్ముడు మునికృష్ణ. మునికృష్ణ సేద్యంతో పాటు చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వైరింగు పని చేసేవాడు. మంచి పేరు ఉండేది. అన్న కొత్తిల్లు కడుతుంటే వైరింగంతా తనే చేశాడు, కూలి మాట ఎత్తకుండా. అంతేకాదు, బెంగళూరులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే వాళ్ల దగ్గర ఐదు స్పీకర్లు కొని తెచ్చాడు, అన్న హాల్లో పెట్టడానికి. గోడలు పూయకముందే వాటికి తీగలు లోపలి నుంచే లాగాడు, బయట ఒక్క తీగ కనిపించకూడదని. వాళ్లకు ఇక కావలసింది ఆ స్పీకర్లను నడిపే పెట్టె, వాటికి సరిపడే రిసీవరు. గృహప్రవేశం దగ్గరపడింది.

స్పీకర్ల వెనక ఉండే చీటీని ఫోనులో ఫోటో తీసుకొచ్చాడు మునికృష్ణ. చూశాను. నాలుగు ఓమ్‌లు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. స్పీకరుకు ఓమ్ అని ఒక లెక్క ఉంటుంది. అంకె ఎంత తక్కువైతే ఆ స్పీకరు రిసీవరు నుంచి అంత ఎక్కువ కరెంటు గుంజుతుంది. చిన్న రిసీవరుకు అలాంటి స్పీకర్లు తగిలిస్తే చిన్న మోటారుతో లోతు బోరు లాగించినట్టే. మెల్లగా పెట్టుకుంటే నడుస్తుంది. శబ్దం పెంచితే వేడెక్కి ఆరిపోతుంది. మొండిగా మళ్లీ మళ్లీ పెంచితే స్పీకర్లే కాలతాయి. ఆ పొద్దు నా దగ్గరున్నది చిన్న రిసీవరు ఒక్కటే. దాని వీపు మీదే రాసి ఉంది, ఆరు ఓమ్‌లకు తక్కువ స్పీకర్లు తగిలించవద్దని. వాళ్లకు సరిపడే పెద్దది బెంగళూరు నుంచి రావాలి. గృహప్రవేశానికి అందదు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని అనుకునేరు. తెలిసే చేశాను.

"సరిపోతాదా అమ్మా?" అని అడిగాడు నారాయణప్ప.

"కండ్లు మూసుకోని తీసుకపోండప్పా," అన్నాను.

బోణీ పడింది. దేవుడి పటం ముందు దండం పెట్టుకున్నాను. ఒక బ్యాటరీ సెల్లు అమ్మి, "గృహప్రవేశం కానీండి, పెద్దది నేనే తెప్పిస్తా" అని ఉంటే బోణీ దక్కేది, మాట దక్కేది, మనిషీ దక్కేవాడు. నా గొంతు అంత చిన్న మాటకు ఎందుకు వంగలేదు? లేదని చెబితే ఆ అన్నదమ్ములు నవ్వుతారనుకున్నానా? వాళ్లు నవ్వే మనుషులు కాదు. మరి ఎవరికి భయపడ్డాను?

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. వెళ్లాను. ఇత్తడి దీపం ఒకటి పట్టుకెళ్లాను. ఇంట్లోకి వెళ్లేసరికి కుర్చీ వేశారు, తాంబూలం ఇచ్చారు, ఒబ్బట్లు పెట్టారు. అప్పుడు నారాయణప్ప చుట్టాలందరినీ హాల్లో కూర్చోబెట్టి రిసీవరు పెట్టాడు. భక్తి పాట మొదలైంది. నిజం చెప్పాలంటే ఆ స్పీకర్లు బంగారం. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. మునికృష్ణ గోడకు ఆనుకుని నిలబడి, పాట వినడం మాని అన్న ముఖం చూస్తున్నాడు. వెనక వరసలో ఎవరో "ఇంకా పెంచప్పా" అన్నారు. నారాయణప్ప పెంచాడు.

టక్కుమని ఆరిపోయింది.

మళ్లీ పెట్టారు. మళ్లీ ఆరింది. మూడోసారి పెట్టి ఇంకా పెంచారు. ఈసారి ఆరకముందే స్పీకర్లలో ఒకదాని గొంతు కీచుమని మూగబోయింది. కాలిన వాసన వచ్చింది. మొదటి టక్కుకే నాకు అంతా తెలిసిపోయింది. లేచి వెళ్లి శబ్దం తగ్గించమని చెప్పి ఉండొచ్చు. కూర్చునే ఉన్నాను.

నారాయణప్ప నా వైపు తిరిగాడు. హాలంతా నా వైపు తిరిగింది.

"ఏమమ్మా ఇది, ఇట్ల ఆరిపోతాండాది?"

మొదట నేను అబద్ధం కూడా చెప్పలేదు. ఒక ప్రశ్న అడిగానంతే.

"వైరింగు ఎవరు చేసింది?"

అడిగేటప్పుడే నాకు తెలుసు ఎవరు చేశారో. అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు మునికృష్ణ. "అన్నీ చూసే వేసినా."

"చూసినప్పుడు బాగానే ఉంటాదప్పా. పైన సిమెంటు పడినంక లోపల ఏమయ్యిందో ఎవరికి తెలుసు? యాడో తీగ తగులుకుంటాండాది. అందుకే ఆరిపోతాండాది."

"అట్ల కాదమ్మా..." అని ఏదో అనబోయాడు. పుస్తకం చదివిన దాన్ని నేను. ఊరూ వాడా నమ్మిన శెట్టమ్మను నేను. నా మాట మీద అతని మాట ఎవరు వింటారు? ఎవరో ముసిముసిగా నవ్వారు. నారాయణప్ప తమ్ముడి ముఖం చూసి, "ఇంటోనివి కదా అని నీ చేతికిస్తే ఇదా నువ్వు చేసింది?" అన్నాడు. అరవలేదు. మెల్లగానే అన్నాడు. మునికృష్ణ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చేతులను దాచుకోవడం నేను చూశాను.

ఆ తరువాత చేసింది ఇంకా నీచం. నా కడుపులో మాట కుదురుగా ఉండనివ్వలేదు కాబట్టి, మంచిపని చేస్తున్నానని నాకు నేనే చెప్పుకుని, బెంగళూరు నుంచి ఆ పెద్ద రిసీవరు తెప్పించాను. నారాయణప్ప అప్పటికే చింతామణి నుంచి వేరే పనివాణ్ణి పిలిపించి, కొత్తగా పూసిన గోడ పగలగొట్టించి, తీగలన్నీ మార్పిస్తున్నాడు. ఆ పనివాడికి పాత తీగల్లో ఏ లోపమూ దొరకలేదు. "లోపల యాడన్నా తగిలి ఉంటాదిలే" అన్నాడు. ఆ రోజే నేను పెద్ద రిసీవరు పట్టుకెళ్లాను. "కొత్తింట్లో కాలిన సెట్టు ఉండకూడదప్పా, మార్చిస్తాండా" అన్నాను. మూగబోయిన స్పీకరునూ బాగుచేయించి ఇచ్చాను. పెట్టి చూశారు. ఎంత పెంచినా ఆరలేదు.

అర్థమైందా మీకు? రిసీవరు మార్చినందుకు బాగుపడింది. కానీ అందరి కళ్లకూ తీగలు మార్చినందుకు బాగుపడినట్టు కనబడింది. మునికృష్ణ తప్పు రుజువైపోయింది. రుజువు చేసింది నా మంచితనం. "సొంత మనిషి మాదిరి చేసినావమ్మా" అని నారాయణప్ప భార్య నాకు బొట్టు పెట్టి పంపింది. పెట్టించుకుని వచ్చాను.

సొంత అన్న ఇంటికే సరిగ్గా చేయలేనివాడు ఊళ్లోవాళ్లకేం చేస్తాడని అన్నారు. మొదట కెంచార్లహళ్ళిలో అన్నారు, తరువాత అతని అత్తగారి ఊరు మిట్టేమరి దాకా వెళ్లింది ఆ మాట. పిలుపులు తగ్గాయి, తరువాత ఆగిపోయాయి. ఇప్పుడు టమోటా లోడు బండి తోలుతున్నాడు. అన్నదమ్ములు కొట్టుకోలేదు, పాలు పంచుకోలేదు. పండగకు పబ్బానికి పలకరించుకుంటారు. కానీ మునికృష్ణ ఆ హాల్లో కూర్చోడట. వసారాలోనే కాఫీ తాగి వెళ్లిపోతాడట. ఇది నారాయణప్పే చెప్పాడు, మా అంగట్లో కూర్చుని, బాధపడుతూ. విన్నాను. ఊ కొట్టాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అత్తగారు అనేది. నా కడుపు నేను భద్రంగా కుట్టుకున్నాను.

ఇన్నాళ్లూ నాకు నేను ఒక ఓదార్పు చెప్పుకునేదాన్ని. మునికృష్ణ నన్ను తిట్టుకుంటూ ఉంటాడు, శెట్టమ్మ అన్యాయం చేసిందని లోలోపల అతనికి తెలుసు, తన పని మీద తనకు నమ్మకం ఉంటుంది, ఎవరేమన్నా అదొక్కటి ఉంటుంది కదా అని. నన్ను ద్వేషించే మనిషి ఒకడు ఉన్నాడని అనుకోవడం కూడా ఎంత హాయిగా ఉండేదో.

మొన్న వచ్చాడు అంగడికి. జుట్టు నెరిసింది. కూతురి గదికి ఫ్యాను కావాలన్నాడు. తీసుకుని, వెళ్లబోతూ ఆగాడు.

"బిగించేదానికి ఒక మనిషిని పంపిస్తారా అమ్మా?"

"నీకెందుకప్పా మనిషి?" అన్నాను.

నవ్వాడు. "వద్దమ్మా. నా చేతిలోనే ఏదో లోపం ఉండాది. ఆ పొద్దు మీరు చెప్పబట్టి తెలిసింది. లేకుంటే ఇంకా ఎవరిండ్లు కాల్చిందునో."

అతను నన్ను తిట్టుకోలేదు. నమ్మాడు. అన్న కంటే, ఊరి కంటే ఎక్కువగా నమ్మాడు. నా మాట పట్టుకుని తన చేతులనే తప్పు పట్టుకున్నాడు. పైగా నాకు కృతజ్ఞత చెబుతున్నాడు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? అంగట్లో ఇంకెవరూ లేరు. అతను ఎదురుగా ఉన్నాడు, నేను ఎదురుగా ఉన్నాను. నోరు తెరిచాను కూడా. "సాయంత్రం పంపిస్తాలే అప్పా," అన్నాను. అదీ నేను.

బిగింపు పనులు చేసే మా మనిషి వెళ్లివచ్చి చెప్పాడు. మునికృష్ణ కింద స్టూలు పట్టుకుని నిలబడి, ఏ తీగ యాడికి కలుపుతాండావప్పా అని అడిగాడట. పని నేర్చుకునే పిల్లాడి మాదిరి అడిగినాడమ్మా అని నవ్వుతూ చెప్పాడు. నేను లోపలికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఏడ్చానని చెప్పుకోను. ఏడిస్తే నాకు జాలి పుట్టాలి, నా మీద నాకు. ఆ జాలి నాది కాదు.

ఈ కాగితం అతని చేతికి ఇస్తానా? తెలియదు. ఇన్నేళ్ల తరువాత నోట వచ్చిన ఈ "తెలియదు" మాత్రం నిజమైనదే. ఇచ్చేదాకా నన్ను క్షమించమని ఎవరినీ అడగను. మిమ్మల్ని కూడా. పేరు లేని ఒప్పుకోలు సగం ఒప్పుకోలేనని నాకు తెలుసు. అయినా ఆ సగమైనా ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి కదా, నేను పోయాక ఆ అబద్ధమే నిజంగా మిగిలిపోకుండా.

మునికృష్ణా, ఆ గోడలో నువ్వు లాగిన తీగలు బాగానే ఉన్నాయి. పగలగొట్టక ముందు బాగానే ఉన్నాయి. నీ చేతిలో ఏ లోపమూ లేదు. సరిపడని రిసీవరు ఇచ్చింది నేను. అది నాకు ఆ పొద్దే తెలుసు.

రాసేశాను. గొంతు తేలికగా ఉంది. ఆ తేలిక నాకొచ్చింది, అతనికి రాలేదు.