రెండు కాళ్లు తగ్గిన తాబేళ్లు

పేరు: కురమోచి తొకుజీ. వయస్సు: డెబ్బై ఒకటి. హమాజాకి పురపాలక కార్యాలయంలో రాతగుమస్తా అయిన నిషివాకికి ఆయనతో పరిచయం: ముప్పై ఒక్క సంవత్సరాలు. ముఖ్య లక్షణం: ఏది అడిగినా "దాన్ని x అనుకుందాం" అని మొదలుపెట్టి, లెక్కను తప్పుగా ముగించడం.

బస్సు ఎప్పుడొస్తుందని ఒకరడిగితే, "x నిమిషాలు అనుకుందాం" అంటూ గొడుగుమొనతో నేలమీద సమీకరణం గీశారు. ఈలోగా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. "ఇంకా పదకొండు నిమిషాలుంది, కంగారు పడకండి" అని ఆయన తేల్చారు.

శనివారం ఉదయాల్లో పౌరమందిరంలో పెద్దవాళ్లకు పాఠం చెప్పేవారు. కొంగలూ తాబేళ్లూ కలిపి తలలు ఎనిమిది, కాళ్లు ఇరవై రెండు, తాబేళ్లెన్ని? ఏటా అదే లెక్క, ఏటా అదే తప్పు. "మాస్టారూ, మీ తాబేలు ఇంకా కుంటుతోందా?" అని చేపల బజారు మొత్తం ఆటపట్టించేది.

చివరకు పౌరమందిర సంఘం తీర్మానించింది: తప్పులు బోధించువారికి గది ఇవ్వరాదు. ఆ ఉత్తర్వును చక్కగా రాసిపెట్టే పని నిషివాకిది. తన రాతలో ఒక్క చుక్క కూడా తప్పని మనిషి ఆయన. కళ్లారా చూడనిదే కలం కదలదు కనుక, ఆ శనివారం వెళ్లి వెనుక వరుసలో కూర్చున్నారు.

బోర్డుమీద 4x + 2×8 − x = 22 అని రాసి, "తాబేళ్లు రెండు!" అని ప్రకటించారు మాస్టారు.

ముందు వరుసలోంచి నూడుల్స్ దుకాణం హత్సు దిగ్గున లేచింది. యుద్ధకాలంలో బడి ఆగిపోయిన మనిషి. వచ్చే నెల బడి చదువు ముగింపు పరీక్ష గట్టెక్కితేనే ఆమెకు వంట లైసెన్సు.

"ఆగండి మాస్టారూ! రెండు తాబేళ్లకి ఎనిమిది, ఆరు కొంగలకి పన్నెండు. ఇరవయ్యే! రెండు కాళ్లు మింగేశారు!"

"అయ్యయ్యో! ఎక్కడ జారాయంటావు?"

"బ్రాకెట్ పెట్టలేదుగా! ఎనిమిదిలోంచి x తీసేసి, మిగిలినదాన్ని మొత్తంగా రెండుతో గుణించాలి. ఇలా ఇవ్వండి సుద్ద! తాబేళ్లు మూడు, కొంగలు ఐదు!"

తరగతి ముగిశాక నిషివాకి గొంతు సవరించుకున్నారు. "కురమోచిగారూ, ఈ పొరపాటు ఎన్నాళ్లుగా?"

"పన్నెండేళ్లుగానండీ. నేను ఒప్పు చెబితే తలలూపుతారు. తప్పు చెబితేనే లేచి నిలబడతారు. ఈ హత్సు మొదట్లో తల కూడా ఎత్తేది కాదు. ఇవాళ నా సుద్దే లాక్కుంది!"

"ఊరంతా నవ్వుతోంది కదండీ?"

"నవ్వాలన్నా ముందు లెక్క కట్టాలిగా!"

నిషివాకి ఉత్తర్వును పక్కన పెట్టి, కొత్త కాగితం తీసి, తన జీవితంలో మొట్టమొదటి తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు:

"గౌరవనీయులైన సంఘ సభ్యులకు విన్నపం. శ్రీ కురమోచి తొకుజీ గారికి శనివారపు గదిని యథాప్రకారం కొనసాగించవలసిందిగా ప్రార్థన. సదరు గదిలో ముక్కాలి పీటలు, నాలుగు కాళ్ల బల్లలు కలిపి పది. కాళ్లు మొత్తం ముప్పై నాలుగు. కావున బల్లలు మూడు. ఇందులో దోషం కనుగొన్న సభ్యులు దయచేసి శనివారం తరగతికి విచ్చేసి, లేచి నిలబడి, సరిదిద్దవలసిందిగా కోరడమైనది."